హాజరు సాఫ్ట్‌వేర్‌లో ఏ వెర్షన్ తీసుకోవాలి? బరంపురం నుంచి జయపురం దాకా చిన్న వ్యాపారాలకు సమగ్ర మార్గదర్శి

హాజరు పుస్తకం పక్కన పెట్టి సాఫ్ట్‌వేర్‌కి మారదామని ఒడిశా సరిహద్దులో మన తెలుగు వ్యాపారులు చాలామంది అనుకుంటున్నారు. అమ్మే కంపెనీ పేజీ తెరవగానే ఉచితం, బేసిక్, ప్రో, ఎంటర్‌ప్రైజ్ అని నాలుగు గళ్లు, అంటే నాలుగు వెర్షన్లు (ప్లాన్లు) కనిపిస్తాయి. ఒక్కో గడి కింద అందులో ఉన్న సౌకర్యాలకి పాతిక ముప్పై టిక్కులు. అందులో ఏది మనకి అన్నది ఆ పేజీ చెప్పదు. అమ్మడానికి వచ్చిన కుర్రాడూ చెప్పడు, ఖరీదైనదే మంచిదంటాడు.

ఏ వెర్షన్ అన్నది రెండు చోట్ల తేలుతుంది. పనివాడి గంట నమోదయ్యే చోటు ఒకటి, ఆ గంట డబ్బుగా మారే చోటు రెండోది. గేటు దగ్గర ఏం జరుగుతుందో, నెలాఖరున గుమస్తా ముందు ఏ కాగితం ఉండాలో తేల్చుకుంటే మధ్యలో ఉన్న టిక్కుల్లో సగానికి పైగా మనకి అక్కర్లేదని తెలుస్తుంది. ఈ మార్గదర్శి ఆ వరసలోనే సాగుతుంది. ఇందులో చెప్పే ప్లాన్ల పరిమితులు మారుతూ ఉంటాయి కాబట్టి కొనే రోజు కంపెనీ పేజీలో మళ్లీ చూసుకోండి.

మొదటి అడుగు: మనుషుల జాబితా, పని తీరు ప్రకారం

సాఫ్ట్‌వేర్ చూడకముందే ఒక తెల్లకాగితం తీసుకోండి. పేర్లు, జీతాలు కాదు, ఎవరు ఎక్కడ నిలబడి పనిచేస్తారో రాయండి. పర్లాకిమిడి దగ్గర జీడిపప్పు కార్ఖానా అయితే జాబితా దాదాపు ఇలా ఉంటుంది: ఆఫీసులో కంప్యూటర్ ముందు ఇద్దరు, పిక్కలు కొట్టే ఆడవాళ్లు, పొట్టు తీసి గ్రేడింగ్ చేసేవాళ్లు, బాయిలర్ దగ్గర ఒకరు, రాత్రి వాచ్‌మన్, పలాసకి సరుకు తోలే డ్రైవరు, లోడు వచ్చినప్పుడు మాత్రమే దిగే కళాసీలు.

వీళ్లలో కంప్యూటర్ ముందు కూర్చునేది ఇద్దరే. టాగుల్ ట్రాక్, క్లాకిఫై లాంటివి పుట్టింది కంప్యూటర్ ముందు కూర్చుని ప్రాజెక్టుకి ఇన్ని గంటలని బిల్లు వేసే ఆఫీసుల కోసం. బరంపురంలో వెబ్ డిజైన్ చేసే చిన్న ఆఫీసుకో, ఆడిటర్ దగ్గర పనిచేసే కుర్రాళ్లకో అవి చక్కగా సరిపోతాయి. టాగుల్ ట్రాక్ ఉచిత ప్లాన్ అయిదుగురి వరకు ఉంటుంది, అలాంటి ఆఫీసుకి అది చాలు. జీడి కార్ఖానాకో, రైసు మిల్లుకో కావలసింది గేటు హాజరు. రెండింటినీ టైమ్ ట్రాకింగ్ అనే అంటారు గానీ, ఒకటి గంట దేనికి ఖర్చయిందో చూస్తుంది, రెండోది మనిషి ఎప్పుడొచ్చి ఎప్పుడెళ్లాడో చూస్తుంది. మీకు కావలసింది రెండోదైతే మొదటి రకంలో ఎంత పెద్ద ప్లాన్ కొన్నా పని జరగదు.

జాబితాలో అన్నిటికంటే కష్టమైన మనిషి పేరు కింద గీత పెట్టండి. సొంత ఫోన్ లేనివాళ్లు, చదువు రానివాళ్లు, అర్ధరాత్రి దాటి డ్యూటీ చేసేవాళ్లు, సిగ్నల్ లేని చోట తిరిగేవాళ్లు అన్నమాట. ఆ మనిషికి సరిపోయే వెర్షన్ అయితే మిగతా అందరికీ సరిపోతుంది. ఆఫీసు గుమస్తాకి నచ్చిందని కొంటే ఆ మనిషి దగ్గరే అది ఆగిపోతుంది.

రెండో అడుగు: నెలాఖరు కాగితం నుంచి వెనక్కి రావాలి

జీతాల పట్టీ మీ దగ్గర ఎలా తయారవుతుంది? చాలా చోట్ల ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో. ట్యాలీప్రైమ్‌లో పేరోల్ విభాగం ఉంది, అందులో హాజరు ఓచరు వేస్తే జీతం లెక్క కడుతుంది. రోజుల లెక్కతో పాటు, ఎన్ని కిలోలు కొట్టారన్న ఉత్పత్తి లెక్క కూడా అందులో పెట్టుకోవచ్చు. అందువల్ల హాజరు సాఫ్ట్‌వేర్‌లోనే జీతం లెక్క కట్టే ఖరీదైన ప్లాన్ చాలామందికి అనవసరం. ఎక్సెల్‌లోకి సరిగ్గా దించగలిగితే చాలు.

ఆ దించడంలో రెండు చిక్కులున్నాయి. మొదటిది దశాంశం. కొన్ని సాఫ్ట్‌వేర్‌లు ఎనిమిదిన్నర గంటల్ని 8.50 అని ఇస్తాయి. గుమస్తా దాన్ని 8 గంటల 50 నిమిషాలుగా చదివితే, గంటకి 60 రూపాయల కూలికి రావలసిన 510 రూపాయలు 530 అవుతాయి. ఇంకో సాఫ్ట్‌వేర్ అదే ఎనిమిదిన్నరని 8.30 అని రాసిందనుకోండి, దాన్ని దశాంశమనుకుని గుణిస్తే 498 వస్తుంది, పనివాడికి 12 రూపాయలు పోతాయి. గంటలు, నిమిషాలు రెండు వేరు గళ్లలోనో, 08:30 అని రెండు చుక్కలతోనో వచ్చే రిపోర్టు ఏ ప్లాన్‌లో ఉందో ముందే అడగండి.

రెండోది రోజుల లెక్క. పీఎఫ్ కట్టేవాళ్లు నెలనెలా దాఖలు చేసే ఈసీఆర్ ఫైలులో జీతం లేని రోజులు ఎన్నన్న గడి ఉంటుంది. ఈఎస్ఐ దాఖలులోనూ పనిచేసిన రోజులు చూపాలి. రెండింటికీ తర్వాతి నెల 15 గడువు. గంటల మొత్తం మాత్రమే ఇచ్చి రోజులు ఇవ్వని ఉచిత వెర్షన్ తీసుకుంటే, ఆ రోజులు లెక్కపెట్టడానికి గుమస్తా మళ్లీ పాత పుస్తకమే తెరవాలి.

కూలి పూర్తిగా కిలోల మీద ఇచ్చే చోట కూడా గంటలు నమోదు చేయాలనే నేను గట్టిగా చెబుతాను. కిలోల లెక్క చూసి కూలి ఇచ్చినా, ఆ కిలోలకి ఎన్ని గంటలు పట్టాయో తెలియకపోతే ఆ మనిషికి కనీస వేతనం అందుతోందో లేదో మీకూ తెలియదు, ఆమెకీ తెలియదు.

మూడో అడుగు: పంచ్ ఎలా కొట్టాలి

పంచ్ అంటే వచ్చినప్పుడు, వెళ్లేటప్పుడు ఆ వేళని నమోదు చేయడం. ఇక్కడ తొందరపడితే మిగతాదంతా వృథా, అందుకే ఎక్కువసేపు ఆగుదాం.

వేలిముద్ర మెషిన్ అందరికీ అలవాటైంది, ధర కూడా అందుబాటులోనే ఉంది. కానీ మన ప్రాంతపు పనులు వేళ్లని అరగదీసేవి. జీడి పిక్క పెంకులోని నూనె చర్మాన్ని కాలుస్తుంది, ఏళ్ల తరబడి పిక్కలు కొట్టిన చేతుల వేలి కొసలు నున్నగా అయిపోతాయి. సిమెంటు, సున్నం కలిపేవాళ్లదీ అదే పరిస్థితి. మెషిన్ ఆ వేలిని గుర్తుపట్టదు. పొద్దున్నే వరసలో నిలబడ్డ మనిషి నాలుగుసార్లు వేలు నొక్కి, చివరికి మేస్త్రీ చేత పేరు రాయించుకుని లోపలికి వెళుతుంది. పది రోజులు అలా గడిస్తే మెషిన్ పక్కన మళ్లీ పుస్తకం పుట్టుకొస్తుంది.

అలాంటి చోట మూడు దారులున్నాయి. ఒకటి, దగ్గర పెడితే చదివే కార్డు. చౌక, వేగం, కానీ ఒకరి కార్డు ఇంకొకరు పెట్టే వీలుంది. రెండోది, ముఖం గుర్తించే మెషిన్. వేళ్ల సమస్య పోతుంది. గేటు తూర్పు ముఖంగా ఉంటే పొద్దుటి ఎండ నేరుగా కెమెరా మీద పడుతుంది, కాబట్టి లోపలి గోడకి బిగించాలి. మూడోది, గేటు దగ్గర ఒకే ట్యాబ్ పెట్టి, ఒక్కొక్కరికి నాలుగంకెల పిన్ ఇచ్చి, పంచ్ కొట్టేటప్పుడు ఫొటో తీయడం. దీన్ని సాఫ్ట్‌వేర్‌లలో కియోస్క్ అంటారు. సొంత ఫోన్ అక్కర్లేదు, మనిషి మారితే ఫొటోలో తెలిసిపోతుంది. ముప్పై మంది లోపు కార్ఖానాలకి నా మొగ్గు దీనికే. అయితే కియోస్క్ ఏ ప్లాన్‌లో మొదలవుతుందో, ఫొటో అందులోనే వస్తుందా, పై ప్లాన్‌లో వస్తుందా చూసుకోవాలి. మీ వెర్షన్ ఎంపిక చాలా వరకు ఈ ఒక్క టిక్కు మీదే ఆధారపడుతుంది.

డ్రైవర్లకీ, తిరిగి ఆర్డర్లు తెచ్చే సేల్స్ కుర్రాళ్లకీ మాత్రం ఫోన్‌లో పంచ్ కొట్టడమే దారి. చోటు గుర్తించే సౌకర్యం పెట్టుకుంటే హద్దు మరీ బిగించకండి. రేకుల షెడ్డు లోపల, బరంపురం బడాబజారు లాంటి ఇరుకు వీధుల్లో ఫోన్ చూపే చోటు పదుల మీటర్లు అటూ ఇటూ జరుగుతుంది. యాభై మీటర్ల హద్దు పెడితే గోదాములో నిలబడ్డ మనిషిని బయట ఉన్నాడంటుంది. నూట యాభై, రెండు వందల మీటర్లు పెట్టుకోవడం మేలు.

నాలుగో అడుగు: నెట్, కరెంటు, తుపాను

బరంపురంలో కూర్చుంటే నెట్ గురించి పెద్దగా ఆలోచించక్కర్లేదు. గజపతి జిల్లాలో మోహన వైపో, ఆర్.ఉదయగిరి వైపో, కొరాపుట్ ఘాట్‌లోనో పని ఉంటే అదే మొదటి ప్రశ్న. నెట్ లేనప్పుడు పంచ్ ఫోన్‌లో దాచుకుని తర్వాత పంపే వెర్షనే తీసుకోండి. అప్పుడు కూడా ఇంకో ప్రశ్న అడగాలి: దాచుకున్న పంచ్‌కి సమయం ఎక్కడిది? ఫోన్ గడియారందే అయితే, గడియారం వెనక్కి తిప్పి పంచ్ కొట్టవచ్చు. మంచి వెర్షన్ అలాంటి పంచ్ పక్కన గుర్తు పెడుతుంది. కొనేముందు ఫోన్‌ని విమానం మోడ్‌లో పెట్టి, గడియారం గంట వెనక్కి తిప్పి, పంచ్ కొట్టి, తర్వాత నెట్ ఆన్ చేసి చూడండి. ఏ బ్రోషర్‌లోనూ దొరకని జవాబు అయిదు నిమిషాల్లో దొరుకుతుంది.

లెక్కంతా కంపెనీ సర్వర్లలో ఉండి నెట్ ద్వారా తెరిచే క్లౌడ్ వెర్షనా, మన కంప్యూటర్లోనే ఉండే వెర్షనా అన్నది మరో తర్జనభర్జన. సొంత కంప్యూటర్లో పెట్టుకునేవాటిలో కైమై లాంటి ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఉంది, దానికి లైసెన్సు ఖర్చు లేదు. కానీ దాన్ని ఎక్కించడానికి, అప్‌డేట్ చేయడానికి, బ్యాకప్ తీయడానికి తెలిసిన మనిషి కావాలి, అతను రేపు ఊళ్లో ఉండాలి. మనది తుపానుల తీరం. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ గజపతి జిల్లాని ముంచెత్తింది. రెండుసార్లూ చాలా చోట్ల రోజుల తరబడి కరెంటు లేదు. హాజరంతా నేల మీద పెట్టిన ఒకే ఒక్క సీపీయూలో ఉంటే, నీళ్లు లోపలికి వచ్చిన రోజున అందరి కూలి లెక్కా దానితోపాటే పోతుంది. అందుకే ఐటీ మనిషి లేని వ్యాపారానికి క్లౌడ్ వెర్షనే మేలంటాను. సొంత కంప్యూటరే కావాలంటే రోజూ రాత్రి వేరే చోటికి బ్యాకప్ వెళ్లే ఏర్పాటు చేశాకే మొదలుపెట్టండి.

మెషిన్ కొంటే లోపల బ్యాటరీ ఉన్నది కొనండి. కరెంటు పోయినప్పుడు వరస ఆగకూడదు.

అయిదో అడుగు: డ్యూటీ వేళలు, చట్టం

2025 నవంబరు 21 నుంచి నాలుగు కార్మిక కోడ్‌లు (కొత్త కార్మిక చట్టాలు) దేశమంతా అమల్లోకి వచ్చాయి. రోజుకి 8 గంటల పని, అది దాటితే ఓవర్‌టైమ్‌కి మామూలు కూలికి రెట్టింపు, నెల జీతగాళ్లకి తర్వాతి నెల ఏడో తేదీలోపు జీతం, పని మానేసినా తీసేసినా రెండు పనిదినాల్లో లెక్క తేల్చడం అందులో ముఖ్యమైనవి. దుకాణాలకి 1956 నాటి ఒడిశా దుకాణాల, వాణిజ్య సంస్థల చట్టం ఉంది. రాష్ట్రాల నియమాలు మారుతున్న కాలమిది. అందుకని పని గంటల హద్దు, విరామం, ఓవర్‌టైమ్ రేటు మనమే మార్చుకోగల వెర్షన్ కావాలి. కంపెనీకి ఫోన్ చేసి మార్పించుకోవలసినదైతే వద్దు.

ఓవర్‌టైమ్ లెక్క ఉచిత ప్లాన్‌లలో చాలాసార్లు ఉండదు. రెట్టింపు కూలి ఇవ్వవలసిన పనివాళ్లు ఉన్నవాళ్లకి అది లేని వెర్షన్ చౌక కాదు.

రాత్రి డ్యూటీ పరీక్ష తప్పకుండా చేయండి. రాత్రి పదికి వచ్చి పొద్దున్న ఆరుకి వెళ్లిన వాచ్‌మన్‌ని కొన్ని వెర్షన్లు మొదటి రోజు పంచ్ అవుట్ మర్చిపోయినట్టు, రెండో రోజు పంచ్ ఇన్ లేనట్టు చూపిస్తాయి. ఎనిమిది గంటల పని సున్నా అయిపోతుంది.

తర్వాత రౌండింగ్. పావుగంటకి కుదించే సెట్టింగ్ చాలావాటిలో ఉంటుంది. పనివాడు రోజూ ఏడు నిమిషాలు ఎక్కువ చేస్తే, దాన్ని కిందికి కుదిస్తే, 26 రోజుల్లో 182 నిమిషాలు పోతాయి. అంటే మూడు గంటల కూలి. ఈ సెట్టింగ్ పూర్తిగా ఆపేయమనే చెబుతాను. నిమిషాలు లెక్కపెట్టగల యంత్రం కొని నిమిషాలు పారేయడం న్యాయం కాదు.

సెలవుల పట్టిక గురించి చిన్నమాట. ఇచ్ఛాపురం నుంచి బరంపురానికి, పాతపట్నం నుంచి పర్లాకిమిడికి రోజూ వచ్చి పనిచేసేవాళ్లుంటారు. ఇక్కడ ఒడియావాళ్ల పండగ రజ సంక్రాంతికి కార్ఖానా మూస్తారు, అటువైపు వాళ్లకి ముక్కనుమ దాకా సంక్రాంతి కావాలి. కొందరికి ఒక పట్టిక, మిగతావారికి ఇంకో పట్టిక పెట్టుకునే వీలు ఏ ప్లాన్‌లో ఉందో చూడండి. ఒకే పట్టిక ఉన్న వెర్షన్ అయితే ప్రతి పండక్కీ చేత్తో సరిదిద్దాలి.

ఆరో అడుగు: భాష

యాప్‌లో ఒడియా, తెలుగు, హిందీ ఉంటే మంచిదే. గజపతి, రాయగడ జిల్లాల్లో పనికి వచ్చేవాళ్లలో సవర, కువి అనే గిరిజన భాషలు మాట్లాడేవాళ్లు చాలామంది. వాళ్లకి మెనూ ఏ భాషలో ఉన్నా ఒకటే. పెద్ద అంకెలు, పంచ్ పడగానే ఆకుపచ్చ రంగు, ఒక శబ్దం, తమ ఫొటో కనిపించడం వాళ్లకి కావాలి. డెమో చూసేటప్పుడు మీరు నొక్కకండి, వాళ్లలో ఒకరిని పిలిచి నొక్కించండి.

పేర్లు తెలుగులోనో ఒడియాలోనో రాస్తే, ఎక్సెల్‌లోకి దించినప్పుడు కొన్ని వెర్షన్లలో పిచ్చి గుర్తులు వస్తాయి. తెలుగులో ఒక పేరు, ఒడియాలో ఒక పేరు ఎక్కించి దించి చూస్తే తెలిసిపోతుంది.

ఏడో అడుగు: అసలు ఖర్చు

ధర మనిషికి ఇంత, నెలకి ఇంత అని ఉంటుంది. ఉదాహరణకి మనిషికి 150 రూపాయలు, 18 మంది అనుకుందాం. నెలకి 2,700. దాని మీద 18 శాతం జీఎస్‌టీ 486. మొత్తం 3,186, ఏడాదికి 38,232. ఈ అంకె రాసుకుని, గేటు మెషిన్‌తో పాటు ఒక్కసారే డబ్బు తీసుకునే సాఫ్ట్‌వేర్ ఖరీదు పక్కన పెట్టి చూడండి. పనిచోటు ఒక్కటే అయి, మనుషులు పెద్దగా మారకపోతే మెషిన్ దారి గెలవవచ్చు. మూడు నాలుగు చోట్ల పని ఉంటే నెలనెలా కట్టే క్లౌడ్ ప్లాన్‌కే విలువ.

జయపురం రైసు మిల్లుల్లాగా సీజనుకి మనుషులు పెరిగే చోట ఇంకో ప్రశ్న ఉంది. ఏడాది ప్లాన్ కడితే తక్కువకి వస్తుందంటారు. వడ్ల సీజనులో 40 మంది, తర్వాత 15 మంది ఉండే మిల్లు 40 మందికి ఏడాది కడితే మిగతా నెలల్లో ఖాళీ సీట్లకి డబ్బు పోతుంది. నెలవారీ కట్టి, వెళ్లిపోయినవాళ్లని నిద్రాణంలో పెట్టే వీలున్న ప్లాన్ చూడండి. అలా పెట్టినవాళ్ల పాత హాజరు అలాగే ఉండాలి. పేరు తీసేస్తే లెక్క కూడా పోయే వెర్షన్ ప్రమాదకరం.

విదేశీ కంపెనీలు ఎక్కువగా డాలర్లలో తీసుకుంటాయి. బ్యాంకు మారకపు రుసుము వేస్తుంది. రిజర్వు బ్యాంకు నిబంధనల వల్ల కార్డు మీద నెలనెలా ఆటోమేటిక్‌గా డబ్బు తీసుకోవాలంటే ముందు ఈ-మ్యాండేట్, అంటే దానికి మీ అనుమతి, నమోదు కావాలి. 15,000 రూపాయల దాకా అలా నమోదైనవి ఓటీపీ లేకుండా సాగుతాయి, నమోదు లేని చెల్లింపు తిరస్కారమవుతుంది. డబ్బు పడకపోతే ఖాతా ఉచిత ప్లాన్‌కి జారిపోయి, నెల మధ్యలో కియోస్క్ ఆగిపోవచ్చు. యూపీఐతో కట్టించుకుని, మీ జీఎస్‌టీ నంబరుతో ఇన్వాయిస్ ఇచ్చే కంపెనీ దొరికితే ఈ తలనొప్పి లేదు. జోహో పీపుల్, గ్రేట్‌హెచ్ఆర్ లాంటి మన దేశపు సాఫ్ట్‌వేర్‌లు ఈ విషయంలో సులువు.

ఎనిమిదో అడుగు: ఎంతవరకు చూడాలి

పై ప్లాన్‌లలో స్క్రీన్ ఫొటోలు తీయడం, మౌస్ కదలికలు లెక్కించడం, రోజంతా చోటు వెంబడించడం ఉంటాయి. ఇవి మీకు అవసరమని నేను అనుకోను. మనిషి రాకపోకలు తెలిస్తే జీతం కట్టడానికి చాలు. డ్రైవరు చోటు డ్యూటీలో ఉన్నంతసేపే నమోదై, పంచ్ అవుట్ కాగానే ఆగిపోవాలి. అలా ఆగదంటే ఆ వెర్షన్ వదిలేయండి.

డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది, దాని నియమాలు 2025 నవంబరులో వెలువడి దశలవారీగా అమలవుతున్నాయి. ఏ సమాచారం, ఎందుకు తీసుకుంటున్నారో చెప్పే నోటీసుని ఇంగ్లీషులోనో, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో దేనిలోనైనా చూసుకునే వీలుండాలని ఆ చట్టం చెబుతుంది. తెలుగు, ఒడియా ఆ జాబితాలో ఉన్నాయి, సవర, కువి లేవు. ఆ భాషలవాళ్లకి మేస్త్రీ చేత నోటితో చెప్పించండి. ముఖం, వేలిముద్ర తీసుకునే మెషిన్ బొమ్మని దాస్తుందా, దాని నుంచి తీసిన గుర్తులని మాత్రమే దాస్తుందా, మనిషి మానేశాక చెరిపే మార్గం ఉందా అని అమ్మేవాణ్ణి అడగండి.

చూడవలసింది మరొకటుంది, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది: పనివాడు తన గంటలు తాను చూసుకోగలగడం, యజమాని ఎవరి పంచ్ మార్చినా ఎవరు, ఎప్పుడు మార్చారో నమోదు కావడం. ఈ మార్పుల చిట్టా చాలా కంపెనీలు పై ప్లాన్‌లోనే ఇస్తాయి. డబ్బు ఎక్కువ పెట్టాలంటే స్క్రీన్ ఫొటోల మీద కాదు, దీని మీద పెట్టండి. జీతాల రోజున "నేను ఇరవై నాలుగు రోజులొచ్చాను బాబూ" అని ఒకామె అంటే, చూపించడానికి ఇద్దరూ నమ్మే లెక్క ఒకటి ఉండాలి.

తొమ్మిదో అడుగు: ఒక జీతం చక్రం పూర్తిగా పరీక్ష

పద్నాలుగు రోజుల ట్రయల్ చాలదు. నెల జీతాలున్న చోట నెల ట్రయల్ అడగండి, లేదా ఒక నెలకే డబ్బు కట్టండి. పుస్తకం ఆపకండి, రెండూ పక్కపక్కన నడపండి. కష్టమైన మనిషి కింద గీత పెట్టారు కదా, ఆ మనిషితోనే మొదలుపెట్టండి. ఆ నెలలో కావాలనే కొన్ని చేయించండి: పంచ్ అవుట్ మర్చిపోవడం, రెండుసార్లు పంచ్ కొట్టడం, సగం రోజు సెలవు, ఒకే రోజు పొద్దున్న మిల్లులో సాయంత్రం గోదాములో పని, మధ్యలో కరెంటు తీసేయడం, నెల మధ్యలో ఒకరు మానేయడం.

నెలాఖరున రెండు లెక్కలూ మనిషి మనిషికీ పోల్చండి. తేడా వచ్చిన ప్రతిచోటా కారణం దొరకాలి. పుస్తకంలో తప్పుంటే సరే. సాఫ్ట్‌వేర్‌లో తప్పుంటే, అది సెట్టింగ్ వల్లనా, మీ ప్లాన్‌లో ఆ సౌకర్యం లేకపోవడం వల్లనా తేల్చండి. రెండోదైతే ఒక మెట్టు పై ప్లాన్‌కి వెళ్లండి, అదీ ఆ ఒక్క సౌకర్యం కోసమే.

పదో అడుగు: బయటికి వచ్చే దారి

సంతకం పెట్టేముందు మొత్తం పాత హాజరు ఒకే ఫైలుగా దించుకునే వీలు ఉందో లేదో మీరే చేసి చూడండి. ఉచిత ప్లాన్‌లలో పాత రికార్డు కొన్ని నెలలకే పరిమితం కావచ్చు. కూలి గురించి తగాదా ఏడాది తర్వాత కూడా రావచ్చు. నెలనెలా జీతాలు ఇచ్చిన రోజునే ఆ నెల హాజరు దించి, ఒక కాపీ పెన్ డ్రైవ్‌లో, ఒకటి మెయిల్‌లో, ఒకటి కాగితం మీద ప్రింటు తీసి పనివాళ్ల సంతకాలతో ఫైలులో పెట్టండి. డబ్బు కట్టడం మానేస్తే ఖాతా ఎన్ని రోజులు తెరిచి ఉంటుందో కంపెనీ చేత మెయిల్‌లో రాయించుకోండి.